చూసి వదిలేయడం నేర్పుదాం

(హైదరాబాద్ నల్లగండ్లలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో కుక్కలు పెంచుకునేవాళ్ల కోసం ఆదివారం పొద్దున జరిగిన సమావేశంలో ఒక డాగ్ ట్రైనర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. కుక్కల్ని ఇంట్లోనే ఉంచి రమ్మని మీ అసోసియేషన్ గ్రూపులో ముందే మెసేజ్ పెట్టించాను. కొందరికి అది నచ్చలేదని విన్నాను. కుక్కల గురించి మీటింగ్ పెట్టి కుక్కల్ని తేవద్దంటే ఎలా అని. ఒక్కసారి చుట్టూ చూడండి. మీరు కూర్చున్న ప్రతి కుర్చీ కిందా ఒక కుక్క ఉందనుకోండి. కుర్చీకీ కుర్చీకీ మధ్య రెండడుగులు కూడా లేదు. తలుపులు వేసి ఉన్నాయి. ఒకటి గుర్రుమంటే చాలు, ఇంక నేను చెప్పేది మీకు వినపడదు, మీరు చెప్పేది మీ కుక్కకి వినపడదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ముఖ్యంగా కుక్కకీ కుక్కకీ మధ్య ఉండాల్సిన దూరం గురించి. దూరం లేని చోట భయపడే కుక్క ఏమీ నేర్చుకోదు. అందుకే వాటిని ఇంట్లో పడుకోనిద్దాం, మనం మాట్లాడుకుందాం.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీవాడిని, అంటే మీ కుక్కను, వాకింగ్‌కి తీసుకెళ్తున్నారు. ఎదురుగా తెలియని కుక్క వచ్చింది. మీవాడు ఏం చేస్తే మీకు సంతోషం? చెప్పండి. ఆ, ఫ్రెండ్లీగా ఉండాలి. ఇంకా? ఆడుకోవాలి. వాసన చూసి పరిచయం చేసుకోవాలి. సరే. వెనక వరసలో ఆ సార్ మెల్లిగా అన్నారు, అందరికీ వినపడిందో లేదో, "ఏమీ చెయ్యకపోతే చాలు" అన్నారు. నాకు కావలసిన జవాబు అదే. ఏమీ చెయ్యకపోతే చాలు. తెలియని కుక్కను చూడాలి, చూసి వదిలేయాలి. మనలో చాలామంది పక్క బ్లాక్ వాళ్లు లిఫ్ట్‌లో కనపడితే తల ఊపి ఊరుకుంటాం. అంతమాత్రాన వాళ్లతో పగ ఉన్నట్టా? కుక్కలకూ అంతే. రెండేళ్లు నిండిన కుక్కల్లో చాలావాటికి కొత్త స్నేహాల మీద పెద్ద ఆసక్తి ఉండదు. తెలిసిన రెండు మూడు కుక్కలుంటే వాటికి చాలు. మనమే బలవంతం చేస్తాం, "వెళ్లు, హలో చెప్పు" అని మెడ పట్టి ముందుకు తోస్తాం. దయచేసి ఆ పని మానేద్దాం. సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

ఇప్పుడు అసలు కుక్క ఎందుకు మొరుగుతుందో చూద్దాం. లీష్, అంటే మనం పట్టుకునే తాడు, కట్టి ఉన్న కుక్క ఇంకో కుక్కను చూసి ఎగిరెగిరి మొరుగుతోందంటే మన వాళ్లు వెంటనే అనే మాట, "పొగరు". లేకపోతే "మావాడు ఈ ఏరియాకి కింగ్ అనుకుంటున్నాడు". నేను చూసే కుక్కల్లో ఎక్కువ భాగం భయంతో మొరిగేవే. భయమున్న ప్రాణి దూరం కోరుకుంటుంది. లీష్ లేకపోతే పక్కకు పోతుంది, వంపు తిరిగి వెళ్లిపోతుంది. లీష్ ఉంది, ఎక్కడికి పోతుంది? కాబట్టి అవతలి కుక్కనే పంపించాలని చూస్తుంది. మొరుగుతుంది. మొరిగితే ఏమవుతుంది? అవతలి యజమాని గాభరా పడి తన కుక్కను లాక్కుని వెళ్లిపోతాడు. అంటే మొరుగుడు పనిచేసింది! రోజుకు రెండు వాకింగ్‌లు, రెండుసార్లూ పనిచేసింది. మర్నాడు ఇంకా ముందే, ఇంకా గట్టిగా మొదలుపెడుతుంది. ఎందుకు మొదలుపెట్టదు?

రెండో రకం ఉంది. అది భయం కాదు, ఆత్రం. లాబ్రడార్లలో, బీగిల్స్‌లో ఎక్కువగా చూస్తాను. పప్పీగా ఉన్నప్పుడు కనపడిన ప్రతి కుక్క దగ్గరికీ పరిగెత్తనిచ్చారు, అందరూ ముద్దు చేశారు. ఏడాది నిండేసరికి లాబ్రడార్ అయితే ముప్పై కిలోలైంది, ఇప్పుడు వద్దని లాగి పట్టుకుంటున్నారు. వాడికి అర్థం కాదు. వెళ్లాలి, వెళ్లనివ్వడం లేదు, ఆ ఉక్రోషమంతా మొరుగుడుగా వస్తుంది. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనపడతాయి. మందు మాత్రం చాలావరకు ఒకటే, కాబట్టి తేల్చుకోలేకపోయినా కంగారు పడకండి.

భయం ఎక్కడి నుంచి వస్తుందంటారా? కొంత పుట్టుకతో వస్తుంది. కొంత చిన్నప్పటి లోటు. అమెరికాలో జాక్సన్ ల్యాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో ఫలితాలు ప్రచురించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఏది చూస్తే అది మామూలు విషయమని నమ్ముతుంది. ఆ తర్వాత కొత్తది కనపడితే ముందు అనుమానమే వస్తుంది. మరి మన దగ్గర ఏం జరుగుతోంది? ముప్పై అయిదు రోజుల పిల్లను తల్లి దగ్గర నుంచి తెచ్చి అమ్మేస్తున్నారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. తోబుట్టువులతో ఆడుతూ కొరికితే ఎంత నొప్పో, ఎదుటివాడు వద్దంటే ఎలా ఆగాలో నేర్చుకునే వారాలు అవి. ఆ వారాలు పోయాయి. తెచ్చాక టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటనివ్వరు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం నిజమే, నేను కాదనను. వీధికుక్కలు తిరిగే చోట పిల్లను కింద దించకండి. కానీ మొదటి టీకా పడి వారం గడిచాక చేతుల్లో ఎత్తుకుని కింద గేటు దాకా తీసుకెళ్లొచ్చు కదా? దూరం నుంచి కుక్కల్ని చూపించొచ్చు. టీకాలు వేయించిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఇప్పుడు పప్పీలున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా ప్రసంగం మీకు అవసరం రాకపోవచ్చు కూడా.

సరే, పెద్ద కుక్కలున్నవాళ్ల సంగతికి వద్దాం. "సడన్‌గా మీద పడ్డాడండీ, ఏ సూచనా లేదు" అంటారు. సూచన ఉంటుంది. మనం ఫోన్ చూస్తుంటాం. చూడండి, మామూలుగా మన ఊరి ఎండకి నడిచే కుక్క నోరు తెరిచి, నాలుక వేలాడేసి ఉంటుంది. దూరంగా ఒక కుక్క కనపడింది. మొట్టమొదట జరిగేది ఏమిటో తెలుసా? నోరు మూసుకుంటుంది. టక్కున మూసుకుంటుంది. తర్వాత చెవులు ముందుకు. బరువంతా ముందు కాళ్ల మీదికి వస్తుంది, వెనక కాళ్లు నిటారుగా బిగుసుకుంటాయి. తోక ఆగిపోతుంది, లేదా పైకి లేచి గట్టిగా, కొంచెం కొంచెంగా ఊగుతుంది. తోక ఊపుతున్నాడు కాబట్టి సంతోషంగా ఉన్నాడనుకోకండి, ఒళ్లంతా వదులుగా ఊగితేనే సంతోషం. కొన్ని కుక్కలు పెదాలు నాక్కుంటాయి, నిద్ర రాకపోయినా ఆవలిస్తాయి, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తాయి. ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని మర్యాదగా చెప్పడం. నోరు మూసుకున్న క్షణానికీ మొరిగే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు ఉంటాయి. మీరు పని చేయాల్సింది ఆ రెండు మూడు సెకన్లలో. మొరుగుడు మొదలయ్యాక పాఠం లేదు, అక్కడి నుంచి బయటపడటమే.

ఇప్పుడు పాఠం. ప్రతి కుక్కకూ ఒక దూరం ఉంటుంది. ఆ దూరం అవతల ఇంకో కుక్క ఉంటే చూస్తాడు, కానీ ఊరుకోగలడు. దాని కంటే దగ్గరికి వస్తే ఊరుకోలేడు. ఒకడికి ఇరవై అడుగులు, ఒకడికి వంద అడుగులు. మీవాడి దూరం ఎంతో ఎలా తెలుస్తుంది? చేతిలో ఉడికించిన చికెన్ ముక్క పెట్టుకోండి. అవతలి కుక్కను చూశాక కూడా మెత్తగా అందుకుని తింటే మీరు సరైన దూరంలో ఉన్నారు. లాక్కుని, మీ వేళ్లకు పళ్లు తగిలేలా తింటే అంచున ఉన్నారు. చికెన్ మూతికి తగిలినా పట్టించుకోలేదంటే బాగా దగ్గరికి వచ్చేశారు, వెనక్కి రండి. ఇంతకు మించిన కొలబద్ద నాకు తెలియదు.

ఆ దూరంలో నిలబడి చేయాల్సింది ఒకటే. వాడు కుక్కను చూస్తాడు, వెంటనే మీరు చికెన్ ముక్క పెడతారు. మళ్లీ చూస్తాడు, మళ్లీ పెడతారు. అవతలి కుక్క కనుమరుగైతే చికెన్ ఆగిపోతుంది. అంతే. వాడు కూర్చోవాల్సిన పని లేదు, మీ ముఖం చూడాల్సిన పని లేదు, మీ మాట వినాల్సిన పని కూడా లేదు. కుక్క కనపడితే చికెన్ వస్తుంది, కుక్క వెళ్లిపోతే చికెన్ పోతుంది. ఈ లెక్క వాడి బుర్రకెక్కాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఎక్కువమంది దగ్గర పని చెడేది ఇక్కడే. వరస. ముందు కుక్క, తర్వాత చికెన్. మనం ఏం చేస్తాం? దూరంగా కుక్క వస్తోందని ముందు మనం చూస్తాం. టెన్షన్ పడతాం. వాడు చూడకముందే లీష్ బిగించి, జేబులోంచి పొట్లం తీసి, మూతి ముందు ముక్క ఊపుతాం. తింటూ తలెత్తేసరికి ఎదురుగా కుక్క! నాలుగు రోజుల్లో వాడు ఏం నేర్చుకుంటాడు? పొట్లం చప్పుడైతే ప్రమాదం వస్తోందని నేర్చుకుంటాడు. తర్వాత మీరు జేబులో చెయ్యి పెట్టగానే చుట్టూ వెతుక్కుంటాడు. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ కుక్కల మీద చేసిన పని మీరంతా స్కూల్లో చదివే ఉంటారు. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకి, కానీ మనకు అక్కరకొచ్చేది ఆ చప్పుడు సంగతే. చప్పుడు ముందు, తిండి తర్వాత అయితేనే చప్పుడుకు నోరూరింది. తిండి పెట్టేశాక చప్పుడు చేస్తే ఆ ముడి పడదు. మన దగ్గర చప్పుడు స్థానంలో ఉన్నది అవతలి కుక్క. కుక్క ముందు, తిండి తర్వాత. మళ్లీ చెబుతాను, కుక్క ముందు, తిండి తర్వాత.

ఇలా చేస్తూ పోతే ఒక రోజు ఏమవుతుందంటే, వాడు అవతలి కుక్కను చూసి, మీరేమీ అనకుండానే తల తిప్పి మీ వైపు చూస్తాడు. "చూశాను, ఏదీ?" అన్నట్టు. ఆ తల తిప్పడం నాకు చాలా ఇష్టం. దాని కోసమే నేను ఈ పని చేస్తున్నాను. ఆ చూపు వచ్చాక రెండడుగులు ముందుకు జరగండి. రెండడుగులే. ముందుకు జరిగాక మళ్లీ నోరు బిగిస్తే వెనక్కి రండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఉడికించిన చికెన్, లివర్, పనీర్, ఉడికించిన గుడ్డు, ఏదైనా సరే. ఉప్పు, కారం, ఉల్లిపాయ వేయకండి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం, సరదాకి కూడా పెట్టొద్దు. ముక్క శనగగింజంత చాలు. ఆ మేరకు రాత్రి తిండి తగ్గించండి.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? మన అపార్ట్‌మెంట్లలో వంద అడుగుల దూరం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. బేస్‌మెంట్ పార్కింగ్ వాడండి. అక్కడ కార్లున్నాయి, పిల్లర్లున్నాయి. దూరం చాలనప్పుడు అడ్డు పనికొస్తుంది. కారు వెనక నిలబడితే అవతలి కుక్క ఒక్క క్షణం కనపడి మాయమవుతుంది, పాఠానికి అది చాలు. తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇంకా కట్టని లేఅవుట్లలో ఖాళీ రోడ్లున్నాయి. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో డాగ్ పార్క్ తెరిచింది. ఇలాంటి కుక్కను దాని లోపలికి తీసుకెళ్లమని నేను చెప్పను. ఫెన్సింగ్ లోపల లీష్ లేని కుక్కలన్నీ ఒక్కసారి గేటు దగ్గరికి వస్తే మీవాడి పరిస్థితి ఏమిటి? దూరంగా, బయట నిలబడండి. లోపలి కుక్కలు బయటికి రావు, మీకు కావలసినంత వెనక్కి జరగొచ్చు. అలా వాడుకోండి.

వేసవిలో టైమింగ్ ఇంకో తలనొప్పి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. కాబట్టి తెల్లవారుజామున వెళ్తాం. కానీ మన వీధికుక్కలు ఎక్కువ హుషారుగా తిరిగేదీ తెల్లవారుజామునే, మళ్లీ చీకటి పడేటప్పుడు. అందుకని ఆరున్నర ఏడు మధ్య, జనం తిరగడం మొదలయ్యాక, ఎండ ఎక్కకముందు ఉన్న ఆ కాస్త సమయం చూసుకోండి.

వీధికుక్కల మాట వచ్చింది కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే హైదరాబాద్‌లో కుక్కను పెంచడమంటే వీధికుక్కల మధ్య పెంచడమే. విదేశాల్లో తీసిన వీడియోలు చూసి నేర్చుకుంటే అందులో ఈ పాఠం ఉండదు. అక్కడ ఎదురొచ్చే దాదాపు ప్రతి కుక్క లీష్ చివరా ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ ఉండడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మామూలుగా ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి. చెవి కొసన చిన్న గాటు ఉంటే ఆపరేషన్ అయినట్టు. మీ గేటు బయట ఉన్న నాలుగింటి చెవులు ఎప్పుడైనా చూశారా? ఇవాళ వెళ్తూ చూడండి. గాటు లేకపోతే మీ నగరపాలక సంస్థకు ఫిర్యాదు పెట్టండి. ఆ నాలుగు కుక్కలు రేపూ అక్కడే ఉంటాయి. అది వాటి ఇల్లు. మీవాడు రోజూ వాటి ఇంట్లోంచి నడుస్తున్నాడు.

అదే నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది, అసోసియేషన్ వాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కాలనీలోని వీధికుక్కలకు తిండి పెట్టే చోటు చూపించే బాధ్యత సంక్షేమ సంఘానిదే. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, రాకపోకల దారులకు, మెట్లకు దూరంగా ఉండాలి. మీ దగ్గర ఎక్కడ పెడుతున్నారు? నేను లోపలికి వస్తూ చూశాను, మెయిన్ గేటు పక్కనే రెండు గిన్నెలున్నాయి. పెట్టేవాళ్ల మంచి మనసుకు దండం పెడతాను. కానీ తిండి ఉన్న చోటును కుక్క కాపలా కాస్తుంది. మీ పెంపుడు కుక్కలన్నీ ఆ గిన్నెల పక్క నుంచే బయటికి వస్తున్నాయి. ఆ గిన్నెల్ని వెనక కాంపౌండ్ గోడ దగ్గరికి మార్చండి, రెండు వారాల్లో గేటు దగ్గర గొడవ ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు. తిండి పెట్టేవాళ్లతో పోట్లాడకండి. ఏ కుక్క ఎలాంటిదో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పేర్లతో సహా చెబుతారు. మీవాడితో వెళ్లేముందు మీరొక్కరే వాళ్లతో పాటు నాలుగు రోజులు నిలబడండి. ఆ కుక్కలకు మీరు తెలిసిన మనిషి అవుతారు. తెలిసిన మనిషి పక్కనున్న కుక్క మీద గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఒక వీధికుక్క మీ వైపు నడిచి వస్తోంది, అప్పుడేం చేయాలి? పరిగెత్తకండి. మీ కుక్కను వెనక్కి తెచ్చుకుని మీరు మధ్యలోకి రండి. కళ్లలోకి చూడొద్దు, పక్కకు తిరిగి నిలబడండి. జేబులో ఉన్నది పిడికెడు తీసి ఆ కుక్క వైపు నేల మీద చల్లండి, ఒకచోట కాకుండా చెదిరేలా. అది ఏరుకుని తినేలోపు మీరు వంపుగా నడుచుకుంటూ బయటపడతారు. రాయి తీయకండి. ఒకసారి రాయి పడితే ఆ కుక్క మీ లీష్‌ని చూసినప్పుడల్లా గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు మన బిల్డింగుల్లో లిఫ్ట్. అపార్ట్‌మెంట్ కుక్కలకు అన్నిటికంటే కష్టమైన చోటు ఇదే. తలుపు తెరుచుకుంటుంది, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గర్లో ఇంకో కుక్క. ఎదురెదురుగా, తల ఎత్తి, లీష్‌లు బిగుతుగా. కుక్కల మర్యాదలో ఎదురుగా నిటారుగా రావడం కయ్యానికి కాలు దువ్వడమే. లిఫ్ట్‌లో ఇంకోలా రావడానికి దారే లేదు, పాపం. కాబట్టి తలుపుకు ఎదురుగా నిలబడకండి. ఆరేడు అడుగులు పక్కకు, గోడ వారగా, మీవాడు మీకు అవతలి వైపు ఉండేలా. తలుపు తెరుచుకున్నాక మీరు ముందు తొంగి చూడండి. కుక్క ఉంటే "మీరు వెళ్లండి, మేం తర్వాత వస్తాం" అనండి. లోపల ఉన్నప్పుడు వెనక మూలలో నాలుగు ముక్కలు నేల మీద వేయండి, తల కిందికి, వీపు తలుపుకు. లిఫ్ట్‌లోకి కుక్కల్ని రానివ్వబోమనే హక్కు అసోసియేషన్‌కు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. మీకు ఎక్కే హక్కు ఉంది, సరే. ఉన్నా, ఒక్క లిఫ్ట్ వదిలేసి ఆగితే పోయేదేమీ లేదు.

ఇక్కడే ఇంకో మాట. "మావాడు ఫ్రెండ్లీ అండీ, ఏమీ చెయ్యడు" అంటూ లీష్ వదులుగా పట్టుకుని, ఒక్కోసారి లీష్ లేకుండానే, ఎదుటివాళ్ల మీదికి వచ్చేస్తారు. మీవాడు ఫ్రెండ్లీయే. ఎదుటి కుక్కకు ఆపరేషన్ కుట్లు ఉండొచ్చు, తుంటి నొప్పి ఉండొచ్చు, పోయిన నెలే కరిపించుకుని ఉండొచ్చు. మీరు అడగకుండా దగ్గరికి వస్తే నెల రోజులు వాళ్లు పడ్డ కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. ముందు అడగండి. దూరం కావలసిన కుక్కల లీష్‌కు పసుపు రిబ్బన్ కట్టే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. మీ సముదాయం వరకు మీరూ పెట్టుకోవచ్చు. సెక్యూరిటీ వాళ్లకు, వాకింగ్‌కి తిప్పే కుర్రాళ్లకు కూడా చెప్పండి. ముఖ్యంగా ఆ కుర్రాళ్లకు. మీరు ఆదివారం చికెన్ పెట్టి నేర్పింది, సోమవారం నుంచి శనివారం దాకా నాలుగు కుక్కల్ని కలిపి ఈడ్చుకెళ్లే అబ్బాయి దగ్గర నిలవదు. అతనికి డబ్బులు కొంచెం ఎక్కువైనా సరే, మీ కుక్కను ఒక్కదాన్నే తిప్పమనండి. పాఠం అతనికీ నేర్పండి. వాళ్లలో కొందరు మనకంటే త్వరగా పట్టేస్తారు.

మేడమ్, మీరు అడుగుతున్నారు, చోక్ చైన్ గురించి, అంటే లాగితే మెడకు బిగుసుకునే గొలుసు గురించి. ముందు మీకు దాన్ని ఇచ్చినవాళ్లు పనిచేస్తుందని చెప్పే ఉంటారు. పైకి పనిచేసినట్టే ఉంటుంది. ఏం జరుగుతుందో ఆలోచించండి. మీవాడు ఇంకో కుక్కను చూశాడు, మెడకు నొప్పి. మళ్లీ చూశాడు, మళ్లీ నొప్పి. ఇందాక వరస గురించి చెప్పాను కదా, కుక్క ముందు, చికెన్ తర్వాత అని. ఇక్కడ కుక్క ముందు, నొప్పి తర్వాత. వాడికి ముందే ఇష్టం లేని కుక్కలంటే ఇప్పుడు ఇంకా అసహ్యం పుడుతుంది. గుర్రుమంటే నొప్పి పెట్టారు కాబట్టి గుర్రుమనడం మానేస్తాడు, భయం మాత్రం అలాగే ఉంటుంది. గుర్రు లేకుండా నేరుగా కరిచే కుక్క అలా తయారవుతుంది. అమెరికన్ వెటర్నరీ బిహేవియర్ సంఘం 2021లో ప్రకటన ఇచ్చింది, ఏ సమస్యకైనా బహుమతులతో నేర్పే పద్ధతులే వాడాలని. ముళ్ల కాలర్, షాక్ కాలర్ కూడా ఇదే కోవ. వాటి బదులు ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే పట్టీ, అదే హార్నెస్, ఆరడుగుల మామూలు లీష్ వాడండి. దానంతటదే సాగే లీష్ ఇలాంటి కుక్కలకు వద్దు.

ఉన్నట్టుండి మారిన కుక్క గురించి మాత్రం ట్రైనర్‌ను అడగొద్దు, ముందు డాక్టర్‌కు చూపించండి. నిన్నటిదాకా బాగున్నవాడు ఇవాళ పక్కింటి కుక్కను చూసి పళ్లు చూపిస్తున్నాడంటే చెవిలో చీము ఉందేమో, తుంటి కీలు నొప్పేమో, పళ్ల నొప్పేమో. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా ఎక్కువ. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. నొప్పి తగ్గకుండా ఏ పాఠమూ ఎక్కదు. అలాగే బోనాల డప్పులు, నిమజ్జనం డీజేలు, దీపావళి, ఇవయ్యాక ఒకటి రెండు రోజులు వాకింగ్ పాఠాలు ఆపేయండి. ఆ టెన్షన్ ఒంట్లోంచి దిగడానికి టైమ్ పడుతుంది. మామూలుగా ముప్పై అడుగుల్లో ఊరుకునేవాడు ఆ రోజు అరవై అడుగుల్లో కూడా ఊరుకోడు. ఇంట్లోనే తిండిని తువ్వాల్లో చుట్టి వెతుక్కోమనండి, సరిపోతుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ మొరుగుడు తగ్గుతుందా అని అక్కడ అడుగుతున్నారు. ఆపరేషన్‌కు వేరే లాభాలున్నాయి, డాక్టర్‌తో మాట్లాడి చేయించండి. భయంతో మొరిగే కుక్కకు మాత్రం అది మందు కాదు. భయపడే మగ కుక్కల్లో ఎప్పుడు చేయించాలన్నది కూడా డాక్టర్‌ను జాగ్రత్తగా అడిగి నిర్ణయించుకోండి.

ఇంకో ప్రశ్న, చెల్లెలు తన కుక్కతో నెల రోజులు ఉండటానికి వస్తోంది, ఎలా కలపాలి? చాలా మంచి ప్రశ్న. ఇంట్లో కలపకండి. బయట, ఇద్దరిదీ కాని రోడ్డు మీద, ఒకే దిక్కుకు నడిపించండి. మొదట రోడ్డుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. ఎదురెదురుగా కాదు, పక్కపక్కగా. ఒళ్లు వదులైన కొద్దీ దగ్గరికి జరగండి. ముందు వెళ్లిన కుక్క నిలబడిన చోట వెనక కుక్క వాసన చూడనివ్వండి, పరిచయంలో సగం అక్కడే అయిపోతుంది. తర్వాత లీష్ వదులుగా పట్టుకుని వెనక నుంచి మూడు సెకన్లు వాసన, పిలిచి ఇవతలికి. మళ్లీ మూడు సెకన్లు. ఇంట్లోకి ఇద్దరూ కలిసి నడిచి రావాలి. లోపల గిన్నెలు, బొమ్మలు ముందే తీసి పెట్టండి. మొదటి వారం తిండి వేర్వేరు గదుల్లో.

పోట్లాట నిజంగా జరిగిపోతే? చేతులు మూతుల మధ్య పెట్టొద్దు, ఎంత ప్రేమ ఉన్నా సరే. నీళ్లు గుమ్మరించండి, పెద్ద చప్పుడు చేయండి, మధ్యలో డోర్‌మ్యాట్, కుర్చీ ఏదైనా తోయండి. మీకు పన్ను గీరుకున్నా సరే, పెంపుడు కుక్కే కదా అని వదిలేయకండి. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లండి. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఐపీఎంలో, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్లో వేస్తారు.

ఎన్నాళ్లు పడుతుందని చాలామంది చూపుల్లోనే అడుగుతున్నారు. నెలలు పడుతుంది. కొందరికి ఏడాది. ఒకసారి మొరిగినా త్వరగా ఆపుతున్నాడా? మొరిగాక మునుపటి కంటే తొందరగా నేల వాసన చూడటం మొదలుపెడుతున్నాడా? పోయిన నెల రోడ్డు దాటాల్సి వచ్చిన చోట ఈ నెల ఫుట్‌పాత్ చివరికి జరిగితే సరిపోతోందా? ఇవి రాసి పెట్టుకోండి. రోజూ చూసేవాళ్లకు మార్పు కనపడదు, కాగితం మీద కనపడుతుంది. కొన్ని కుక్కలు జీవితమంతా పదిహేను అడుగుల దూరం అడుగుతూనే ఉంటాయి. ఇవ్వండి. పదిహేను అడుగులు ఇస్తే సుఖంగా బతికే కుక్కను చెడ్డ కుక్క అనడానికి నాకు మనసు రాదు.

వచ్చే ఆదివారం ఏడు గంటలకు బేస్‌మెంట్ రెండులో ప్రాక్టీస్ పెట్టుకుందాం. అందరూ ఒకేసారి రావద్దు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, టైమ్ గ్రూపులో పెడతారు. దిగేటప్పుడు సర్వీస్ లిఫ్ట్, ఎక్కేటప్పుడు బ్లాక్ లిఫ్ట్. బాగా గట్టిగా మొరిగేవాళ్లకు మొదటి టైమ్ ఇస్తాను, అప్పటికి పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. నెమ్మదైన కుక్క ఉన్నవాళ్లు ఒకరిద్దరు పిల్లర్ల దగ్గర దూరంగా నిలబడి సాయం చేస్తామంటే ఇప్పుడే పేర్లివ్వండి, వాళ్లు లేకపోతే ఈ పాఠం జరగదు. వాకింగ్ కుర్రాళ్లను కూడా పంపండి. చికెన్ ఉప్పు లేకుండా ఉడికించి, చిన్న ముక్కలు చేసి, చప్పుడు కాని డబ్బాలో తెచ్చుకోండి.